ఎదురుకాళ్ల డాక్టరమ్మ

నేను ఈ లోకంలోకి కాళ్లు ముందు పెట్టి వచ్చాను. తల తర్వాత వచ్చింది. మా అవ్వ లెక్కలో అది ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

బచ్చన్నపేట దగ్గర మా ఊళ్లో ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల అంటే కొలువుతో పుట్టిన పిల్ల. ఎవరికైనా నడుం పట్టేస్తే దవాఖానకు పోరు. పొద్దున్నే వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకుంటారు. నేను కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి వాళ్ల నడుం మీద తన్నాలి. తన్నడమంటే పగబట్టి తన్నడం కాదు. పాదం ఆనించి, కొంచెం అదిమి, పైకెత్తి, మళ్లీ ఆనించాలి. అదీ ఎడమ కాలితోనే. కుడికాలితో తంతే ఉన్న పట్టు పోకపోగా కొత్త పట్టు పడుతుందని మా అవ్వ తీర్మానం. వైద్యం నాదైనా పెత్తనం ఆమెది.

అలా నాకు బుద్ధి తెలిసేనాటికే ఊళ్లో పెద్దమనుషులందరినీ తన్ని ఉన్నాను. సర్పంచిని తన్నాను. పత్తి మూట ఎత్తబోయి వంకరపోయిన మా పెద్దబాపును తన్నాను. లెక్కల సారును తన్నిన పొద్దు మాత్రం కొంచెం మనసుపెట్టి తన్నాను.

"మెల్లగనే! గాయన నడుం పట్టిందని వచ్చిండు, ఇరగ్గొట్టించుకునేటందుకు రాలే," అని అవ్వ అరిచింది.

సారు లేచి, నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుని, నాకు దండం పెట్టి పోయాడు. అదే రోజు బడిలో ఎక్కం అప్పజెప్పలేదని అదే చేత్తో నా చెవి మెలిపెట్టాడు. వైద్యులకు గౌరవం లేదన్న సంగతి నాకు చిన్నప్పుడే తెలిసింది.

ఇంత అనుభవం ఉన్నదాన్ని ఫిజియోథెరపీ చదవకుండా ఇంకేం చదువుతాను? తీరా చదివితే, పట్టేసిన నడుం చాలావరకు దానంతట అదే వదులుతుందని చెప్పారు. ఇన్నేళ్లూ నా కాలు ఊరికే పేరు కొట్టేసిందన్నమాట. సెలవులకు ఇంటికొచ్చి అవ్వకు ఈ మాట చెప్పాను.

"దానంతట అదే ఒదులుతదని మీ సార్లకెట్ల ఎరుక? ఆళ్లను ఎవలన్న తన్నిన్రా?" అంది.

మా కాలేజీలో ఎవరినీ తన్ననివ్వలేదు.

ఇప్పుడు జనగామలో చిన్న గది తీసుకుని నడుములు, మెడలు, మోకాళ్లు చూస్తుంటాను. దానితోపాటు ఒక పరిశోధన నెత్తికెత్తుకున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కబడ్డీ ఆడే ఆడపిల్లల మోకాళ్లకు, చీలమండలకు దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి, ఆటకు ముందు కొన్ని వ్యాయామాలు చేయిస్తే తగ్గుతాయా అన్నది చూడాలి. వ్యాయామాలు కూడా బ్రహ్మవిద్య కాదు. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం, తొడ వెనక కండను గట్టిపరచడం, ఒంటికాలి మీద స్థిరంగా నిలబడడం. చెప్పడానికి తేలిక. మూడు జిల్లాల్లో చేయించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట దెబ్బలెన్నో తెలియాలి కదా. మరిపెడలో ఒక బడి గ్రౌండుకు పోయి, పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి అడిగాను. పోయిన ఏడాది ఎవరికైనా దెబ్బ తగిలిందా? ఎవరికీ తగల్లేదట. మోకాలు నొచ్చిందా? లేదు. చీలమండ బెణికిందా? లేదు. చివర్న కూర్చున్న పిల్ల మణికట్టుకు పసరు కట్టు ఉంది. అది ఆకుపచ్చగా మారి వాసన కొడుతోంది. మరి ఇదేందని అడిగాను.

"గిది ఊకెనే కట్టుకున్న మేడం," అంది.

వాళ్ల పీఈటీ సారు నా పక్కన నిలబడి మురిసిపోతున్నాడు. "మా పిల్లలకు దెబ్బలు తాకయి మేడం. మట్టిల పుట్టి మట్టిల పెరిగిన్రు. మీ ఎక్సర్‌సైజులు గవన్ని పట్నపోళ్లకు." ఆయన దృష్టిలో వార్మప్ అంటే గ్రౌండు చుట్టూ ఉరికి వచ్చి చప్పట్లు కొట్టడం. చప్పట్లు ఎవరికోసమో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలు ఎందుకు అబద్ధమాడుతున్నారో తెలియనంత అమాయకురాలిని కాదు. దెబ్బ తగిలిందంటే సారు టీములోంచి తీసేస్తాడు. ఇంట్లో తెలిస్తే ఆటే మాన్పిస్తారు. మాట్లాడకుండా ఉంటే ఇంకొన్నాళ్లు ఆడొచ్చు. ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని. కానీ నా పరిశోధన ప్రకారం మరిపెడ పిల్లలు ఇనుముతో చేసినవాళ్లని రాయాల్సి వచ్చేటట్టుంది.

మూడోసారో నాలుగోసారో పోయినప్పుడు, గీతలు గీసే సున్నం డబ్బా ఎత్తబోయి సారు నడుం పట్టేసింది. మనిషి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నా నోరు ఊరుకోదు.

"సార్, నేను ఎదురుకాళ్లతో పుట్టినదాన్నే," అన్నాను.

ఆయన వంగినచోటి నుంచే తల తిప్పి నా వంక చూసిన చూపులో, నా డిగ్రీలన్నీ చూపించినా రాని గౌరవం కనిపించింది. "గంత పెద్ద సంగతి ముందుగాల చెప్పాలె గద మేడం!" అంటూ అక్కడే మట్టిలో బోర్లా పడుకున్నాడు.

తన్నాను. రోజూ తమను ఎండలో ఉరికించే మనిషిని ఒక ఆడమనిషి అందరి ముందూ తన్నుతుంటే ఆ పిల్లల మొహాల్లో కనిపించినంత ఆనందం నేనింకెక్కడా చూడలేదు. ఎడమ కాలే ఎందుకని ఒకామె అడిగితే, కుడికాలితో తంతే కొత్త పట్టు పడుతుందన్న అవ్వ మాట చెప్పాను. అందరూ తలలూపి గుర్తుపెట్టుకున్నారు. మోకాలు వాలకుండా దిగడం ఎట్లాగో అన్నిసార్లు చెప్పినా గుర్తులేదు, ఇది ఒక్కసారికే పట్టేసింది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. సాయంత్రానికల్లా అది మండలమంతా తిరిగింది.

ఆ తర్వాత నేను ఏ గ్రౌండుకు పోయినా ముందు సార్లకూ పిల్లలకూ తన్నుడు, తర్వాతే పరిశోధన. అయితే అక్కడే నాకు అదృష్టం పట్టింది. బోర్లా పడుకుని, మొహం నేలకేసి, నడుం మీద ఒక పాదం ఆనుతుంటే మనిషి దాచుకోడు. ఎక్కడ పట్టింది, ఎప్పటినుంచి, ఏం చేస్తుంటే పట్టింది అని అడిగితే, నడుం దగ్గర మొదలుపెట్టి మోకాలు, భుజం, పోయిన దసరాకు విరిగిన వేలు దాకా చెప్పేవాళ్లు. కూర్చోబెట్టి అడిగితే లేని దెబ్బలన్నీ పడుకోబెడితే బయటపడ్డాయి. హైదరాబాద్‌లో మా గైడ్ గారు, గుంటూరు వైపు మనిషి, ఈ సంగతి విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తన్నడం ఏంటండీ? ఎథిక్స్ కమిటీకి ఏమని రాస్తారు? పరిశోధకురాలు పిల్లల్ని తన్నుతుందని రాస్తారా?"

స్థానిక పద్ధతుల ద్వారా నమ్మకం సంపాదించామని రాశాను. ఆయన ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే ఆయన్ను కూడా పడుకోబెట్టేదాన్ని.

మరిపెడ టీములో ఒక రైడర్ ఉంది. ఇంటర్ చదివే పిల్ల, దగ్గర్లోని తండా నుంచి వచ్చేది. కూత మొదలుపెట్టి గీత దాటిందంటే అవతలి పిల్లలు కోళ్లు చెదిరినట్టు చెదిరేవాళ్లు. నా వ్యాయామాలను వెక్కిరించడంలో కూడా ఆమే ముందు. ఒక ఆదివారం పొద్దున ఆమె వచ్చి, "నడుం పట్టింది మేడం," అని పడుకుంది.

కాలు ఎత్తినదాన్ని ఆగాను. బోర్లా పడుకున్న మనిషి మడమలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఆమె కుడి మడమ పైకి లేచి ఉంది. ఆ మోకాలు పూర్తిగా చాపలేకపోతోంది.

"నడుం ఎప్పటిసంది పట్టింది?"

మొహం ఎత్తకుండా మట్టిలోకే చెప్పింది. "నడుం మంచిగనే ఉన్నది మేడం. మోకాలు. నడుం మీద తంతే గుణం మోకాలుదాకా దిగుతది గదా అని వచ్చిన."

నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వు ఆ మోకాలు పట్టుకునేదాకే. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు కొంచెం వంచి, పిక్క పట్టి లాగితే, ఎక్కడో గట్టిగా ఆగాల్సిన ఎముక బల్ల సొరుగులా ముందుకు జారింది. లోపలి లిగమెంట్ తెగింది. ఎగిరి దిగినప్పుడు టప్పుమని సప్పుడు వచ్చిందట. ఆనాటినుంచి పైన నీక్యాపు వేసుకుని ఆడుతూనే ఉంది.

"సార్‌కు చెప్పకుండ్రి మేడం. వచ్చే నెల సెలక్షన్లున్నయి. అండ్ల తేలితే స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తది. లేకపోతే మా యాడితోని మిర్చి ఏరవోవుడే."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను సారుకు చెప్పనన్నాను. కానీ అదే మోకాలితో ఇంకో నెల ఆడితే లోపల మిగిలింది కూడా చితికిపోతుందని, ఈ వయసుకే ముసలమ్మ మోకాలు వస్తుందని ఉన్నదున్నట్టు చెప్పాను. "అమ్మకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అని అడిగాను. ఆమె లేచి నాకంటే ముందు నడిచింది.

తండాలో వాళ్లమ్మ కల్లంలో మిర్చి ఆరబోస్తోంది. నేను ఎవరో తెలియగానే కూతురి చెయ్యి పట్టి నా ముందు నిలబెట్టింది.

"తన్ను డాక్టరమ్మా. గట్టిగ తన్ను. నేనేం అనుకోను."

"నా కాలుకు పొయ్యేది కాదమ్మా గిది. లోపల పగ్గం తెగింది. తెగిన పగ్గం తంతే అతుకుతదా?"

ఆమె ఆ మోకాలి వంక, నా వంక చూసింది. "పగ్గం తెగితే ముడేస్తం."

"గదే, ముడెయ్యాలె. వరంగల్‌ల ఏస్తరు."

"ఏస్తే మళ్ల ఆడుతదా?"

ఆడుతుందనే చెప్పాను. పుస్తకాల్లో చాలామంది తిరిగి ఆడారు. చాలామంది ఆడలేదు కూడా. ఆ రెండో ముక్క నేను నోట్లోనే ఉంచుకున్నాను. కల్లంలో ఘాటుకు కళ్లు మండుతున్నాయని చెప్పి పక్కకు తిరిగాను.

సర్కారు కార్డు మీద ఆపరేషన్ అయింది. సెలక్షన్లు ఆమె లేకుండానే జరిగిపోయాయి. ఆ తర్వాత చాలారోజులు నాతో మాట్లాడలేదు. వ్యాయామాలు మాత్రం చేసేది, నా మీద కోపంతో చేసేది. ఆ కోపం చాలా పనికొచ్చింది. దిగిపోయిందనుకున్న తొడ కండ మళ్లీ ఎక్కింది. మోకాలు పూర్తిగా చాపుతోంది, పూర్తిగా మడుస్తోంది. సైకిల్ తొక్కుకుంటూ మరిపెడ వచ్చి పోతోంది. ఆపరేషన్ చేసిన డాక్టరు చూసి ముడి గట్టిగా పడిందన్నాడు.

అంతా బాగైంది, ఒక్కటి తప్ప. ఎడమ కాలు ఎత్తి కుడికాలి మీద నిలబడమంటే నిలబడదు. గోడ వెతుక్కుంటుంది. గోడ లేకపోతే వాళ్లమ్మ భుజం. భుజం తీసేస్తే ఎత్తిన కాలు టక్కున దించేస్తుంది. అది రాకపోతే ఉరకడం లేదు, ఎగరడం లేదు, రైడ్ లేదు. లిగమెంట్ అతికినా మనసు అతకనివాళ్లు ఉంటారని మా చదువులో కూడా ఉంది. ఏం చేయాలో కూడా ఉంది. అవన్నీ చేశాను. బుజ్జగించాను, తిట్టాను, పందెం కాశాను.

"కూత పెట్టుకుంటనే గోడను గుంజుకపోతవానే అవతలి కోర్టుకు?"

"గుంజుకపోత."

"లోపల పగ్గం మంచిగున్నదని డాక్టరే చెప్పిండు గదా. ఇంక భయమేంది?"

"గది మీ పుస్తకంల కాలు కాదు మేడం. నా కాలు."

నిజానికి భయం నాకూ ఉంది. ఆ పిల్లను కోర్టులోంచి దించింది నేను. మళ్లీ ఎక్కుతుందని ఆ కల్లంలో వాళ్లమ్మకు చెప్పింది కూడా నేనే. జనగామ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్కోసారి ఏడుపు వచ్చేది. పక్కనున్నవాళ్లు నా నడుం నొప్పేమో అనుకునేవాళ్లు.

పరిశోధనలో చివరి గ్రౌండు మహదేవపూర్‌లో పడింది. గోదావరి గాలి వచ్చే పెద్ద మైదానం. భూపాలపల్లి జిల్లా పిల్లలతో మరిపెడ, జనగామ టీములకు పోటీలు పెట్టారు. మా రైడర్‌ను కూడా సారు తీసుకొచ్చాడు. ఆడడానికి కాదు, చిన్న పిల్లలకు కూత నేర్పడానికి. ఆమె ఒక పక్కన కుర్చీ వేసుకుని, ముసలి కోచ్‌లా చేతులు కట్టుకుని కూర్చుంది.

పొద్దున్నే నేను మైకు పట్టుకుని ఉపన్యాసం దంచాను. దెబ్బలు ఆటలోనే తగలవు, బరువులు ఎత్తేటప్పుడు కూడా తగులుతాయి. నడుం వంచొద్దు, మోకాళ్లు వంచాలి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. బాగా చెప్పానని నాకే అనిపించింది. అంతలో ట్రాలీ ఆటోలో కబడ్డీ మ్యాట్లు వచ్చాయి. దించేవాళ్లు ఆలస్యం చేస్తున్నారని విసుగొచ్చి, నేనే పోయి ఒక చుట్ట అంచు పట్టి గుంజాను. మోకాళ్లు వంచలేదు. నడుం వంచాను. ఒంటికి దగ్గరగా పట్టుకోవడం సంగతి అడగొద్దు.

నడుంలో మేకు దిగినట్టైంది. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు, నేనింకా పాఠం చెబుతున్నాననుకుని, లేచి నాలాగే వంగారు.

సారు, ఇంకో ఇద్దరు కలిసి నన్ను పరిచిన మ్యాట్ మీద బోర్లా పడుకోబెట్టారు. సారు ఆగుతాడా? మైకు అందుకున్నాడు.

"ఈడ ఎదురుకాళ్లతోటి పుట్టినోళ్లు ఎవలన్న ఉన్నరా? మన డాక్టరమ్మకే నడుం పట్టింది. జర జల్ది రావాలె!"

గోదావరి అవతల కూడా వినిపించి ఉంటుంది. సిగ్గుతో మొహం మ్యాట్‌లో దాచుకున్నాను. ఎవరూ రాలేదు. జనంలోంచి ఒకాయన, "మా మేనత్త ఉన్నది గని, కాళేశ్వరంల ఉంటది," అన్నాడు. పిలిపించాలా అని సారు నన్నే అడిగాడు. దానంతట అదే వదులుతుంది, నన్ను వదిలేయండి అని మూలిగాను. నా మాట అప్పుడు కూడా ఎవరూ నమ్మలేదు.

అప్పుడు నా చెవి పక్కనే, "జరుగుండ్రి సార్, నేను తన్నుత," అన్న గొంతు వినిపించింది. మా రైడర్.

"నువ్వు ఎదురుకాళ్లతోటి పుట్టినవా?" అని సారు ఆశగా అడిగాడు.

"లేదు సార్, నెత్తితోటే పుట్టిన. ఉన్నకాడికి సర్దుకోవాలె."

మ్యాట్‌కు చెంప ఆనించి పడుకున్నదాన్ని. నాకు ఆమె మొహం కనిపించదు. చెప్పులు విప్పి మ్యాట్ ఎక్కిన రెండు పాదాలు కనిపిస్తున్నాయి, అంతే. కాసేపటికి ఒక పాదం మాయమై, నా నడుం మీద మెల్లగా ఆనింది. కళ్ల ముందు ఒకటే మిగిలింది. కొంచెం తల తిప్పి పైకి చూశాను. మోకాలి కింద ఆపరేషన్ గాటు. కుడికాలు.

దగ్గర్లో గోడ లేదు. వాళ్లమ్మ తండాలో ఉంది. సారు మైకు తీగ చుట్టుకుంటూ ఎటో పోయాడు. ఆ కాలి వేళ్లు మ్యాట్‌ను గట్టిగా పట్టుకుని వణుకుతున్నాయి. పడిందంటే నా మీదే పడుతుంది. పడితే పడనీ అనుకున్నాను. నా గుండె మ్యాట్‌కు తగిలి ఎంత గట్టిగా కొట్టుకుంటోందో ఆమె పాదానికి తెలిసిపోతుందేమోనని భయపడ్డాను.

"ఏ కాలే అది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఎడమదే మేడం. కుడిదైతే కొత్త పట్టు పడుతదని మీరే చెప్పిన్రు గదా." అదిమింది, పైకెత్తింది, కాసేపు గాల్లో ఉంచింది, మళ్లీ ఆనించింది. పద్ధతి తప్పలేదు. ఎన్ని తన్నులు దగ్గరుండి చూసిందో మరి. వేళ్ల వణుకు తగ్గింది. మడమ నేలకు సమంగా కూర్చుంది. మోకాలు లోపలికి వాలలేదు, నేను మూడు జిల్లాలు తిరిగి చెప్పినట్టు కాలి వేళ్లకు సూటిగా ఉంది.

"పోయిందా మేడం?"

నా నడుం ఎట్లా ఉందో నాకు తెలియదు. దాని సంగతి ఎప్పుడో మరిచిపోయాను. చెంప కింద మ్యాట్ తడిసింది. తాను దేని మీద నిలబడి ఉందో చెప్తే మళ్లీ గోడ వెతుక్కుంటుందని చెప్పలేదు.

"ఏడ పోయిందే," అన్నాను. "ఇంకా పట్టే ఉన్నది. మళ్ల తన్ను."